నాటుకోడికి రోగం రాదని ఎవరన్నారు?

పెరట్లో కోళ్లు వేసుకుందామనే మాట ఎవరితోనైనా అని చూడండి, వెంటనే వచ్చే జవాబు ఒకటే. "నాటుకోళ్లకేమైతది, ఇంత నూకలు చల్లితే అవే బతుకుతయి." హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ శని, ఆదివారాలు ఊరికొచ్చి వీడియోలు చూసి ఉబ్బిపోయే మా మరిదీ ఇదే అంటాడు, పుట్టిన దగ్గర్నుంచి కోళ్ల మధ్యే తిరిగిన మా అత్తమ్మా ఇదే అంటుంది. వాళ్లిద్దరూ ఇంకే విషయంలోనూ ఒక్క మాట మీద ఉండరు. నన్నడిగితే మా కల్వకుర్తి వైపు పల్లెల్లో వాడలకు వాడలు కోడి కూత లేకుండా అయిపోవడానికి గద్దలు, కుక్కల కంటే ఈ మాటే పెద్ద కారణం.

సగం నిజమున్న మాట కాబట్టే ఇది ఇన్నాళ్లూ నిలిచింది. బ్రాయిలర్‌తో పోలిస్తే నాటుకోడి మన ఎండకు తట్టుకుంటుంది, దొరికిందల్లా ఏరుకుని తింటుంది, గద్ద నీడ పడితే చాలు పిల్లల్ని రెక్కల కిందికి లాక్కుంటుంది. అదంతా ఒప్పుకుంటాను. కానీ కొక్కెర తెగులుకు నాటుదైనా ఒకటే, ఫారందైనా ఒకటే. పశువుల డాక్టర్లు రాణీఖేత్ అనేది దీన్నే, మెడ మెలితిరిగి, ఆకుపచ్చ తెలుపు కలిసిన నీళ్ల రెట్ట వేస్తూ, నోరు తెరిచి ఊపిరి కోసం కొట్టుకునే ఆ రోగాన్నే. టీకా పడని కోళ్లలోకి అది దూరితే మిగిలేవి ఒకటో రెండో. 1926లో ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో, ఆ వెంటనే మన దేశంలో రాణీఖేత్ అనే ఊళ్లో బయటపడిన రోగం ఇది. అంటే టీకా తయారుచేసుకోవడానికి, ఊరూరికి చేర్చడానికి మనకు వందేళ్లు దొరికాయి. టీకా ఉంది, ధర పెద్దదేం కాదు, అయినా ఇప్పటికీ ఎండాకాలం వచ్చిందంటే ఊళ్లో కోళ్లు టపటపా రాలిపోతాయి.

అత్తమ్మతో ఈ వాదన చాలాసార్లు నడిచింది. "అప్పట్ల ఇంటినిండ కోళ్లుండె బిడ్డా, ఎవ్వడన్న సూది ఏసిండా?" అంటుంది. సరే అత్తమ్మా, ఆ కోళ్లన్నీ ఏమైనయి అనడిగితే ఆమే చెబుతుంది. ఒక ఎండాకాలం రోగం తాకి అన్నీ పోయినయట, తల్లిగారింటి నుంచి ఒక పెట్టను తెచ్చుకుని మళ్లీ మొదలుపెట్టిందట, కొన్నేండ్లకు మళ్లీ పోయినయట, మళ్లీ తెచ్చుకుందట. ఆ చావులన్నీ ఆమె రాత ఖాతాలో రాసుకుంది, మిగిలిన కోళ్లను మాత్రం నాటుకోడి గొప్పతనం ఖాతాలో వేసింది. లెక్క అట్లా రాసుకుంటే నాటుకోడికి రోగం లేనట్టే కనిపిస్తుంది మరి.

సరే, మొదటి నుంచి వద్దాం. పిల్లల్ని ఎక్కడ కొనాలి?

బజార్లో తట్టలో పోసి అమ్మే గులాబీ, పచ్చ రంగు పిల్లల్ని కొనకండి. మీ ఇంట్లో పిల్లలు కిందపడి దొర్లినా సరే. అవి గుడ్ల ఫారాల కోసం పొదిగించినప్పుడు పుట్టిన మగపిల్లలు, గుడ్డు పెట్టవు కాబట్టి హ్యాచరీకి అక్కర్లేక ఏరి పారేసినవి. రంగునీళ్లలో ముంచి, వేడి లేకుండా ఎండలో దుమ్ములో తిప్పి అమ్ముతారు. చాలా మటుకు ఆ వారంలోనే పోతాయి. బతికిన ఒకటి రెండు కూడా ఎంత మేపినా కండ పట్టవు.

రెండో రకం బండి వెనక జాలీ పెట్టెలు కట్టుకుని "నాటు పిల్లలూ" అని మైకులో అరుస్తూ వచ్చేవి. వాటిలో అసలు నాటువి ఎన్నో ఆ దేవుడికే తెలియాలి. సోనాలి లాంటి సంకర జాతులను నాటువనే పేరుతో అంటగట్టడం మామూలైపోయింది. సంకర జాతి కావడం తప్పేమీ కాదు, తినడానికి బాగానే ఉంటాయి. కాకపోతే ఇవే గుడ్లు పెట్టి, పొదిగి, పిల్లల్ని లేపుతాయని మీరు ఎదురుచూస్తే జరగదు. ఇంకో సంగతి, ఆ పెట్టెలు ఎన్ని ఊళ్లు తిరిగి, ఎన్ని రోగాలను పలకరించి మీ వాకిట్లోకొచ్చాయో కూడా తెలియదు.

ప్రభుత్వం వాళ్లు పెరటి పెంపకానికని తయారుచేసిన జాతులు మన పక్కనే ఉన్నాయి. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తెచ్చినవే వనరాజా, గ్రామప్రియ, శ్రీనిధి. పెరట్లో తిరిగే నాటుపెట్ట ఏడాదికి యాభై అరవై గుడ్లు పెడితే వనరాజా వంద దాటుతుంది, గ్రామప్రియ దానికంటే ఎక్కువే పెడుతుంది. కూర కోసమైతే వనరాజా, గుడ్ల కోసమైతే గ్రామప్రియ అని నా అభిప్రాయం. ఒక్క ఇబ్బంది, ఇవి పొదుగుకు కూర్చోవు. వనరాజా ఇంకా బరువెక్కువ, కుక్క తరిమితే గోడెక్కలేదు. అందుకే నాలుగు గ్రామప్రియలున్నా సరే, పక్కన ఒక గట్టి నాటుపెట్ట ఉండాలంటాను. పొదగడానికి ఇరవై ఒక్క రోజులు ఓపిగ్గా కూర్చునేది, పిల్లల్ని వెంటేసుకుని తిరుగుతూ చెద ఎక్కడుందో చూపించేది అదే. ఆ పని ఏ కరెంటు పెట్టే చెయ్యలేదు. కాకపోతే ఈ వనరాజా, గ్రామప్రియ లాంటి సంకర కోళ్ల గుడ్లను దాని కింద పెడితే పుట్టే పిల్లలు అచ్చం తల్లిలా గుడ్లు పెడతాయని మాత్రం ఆశ పెట్టుకోవద్దు.

పొదిగేసేటప్పుడు అత్తమ్మ గంపలో బూడిద పోసి, దాని మీద గడ్డి పరిచి, ఒక బొగ్గుముక్క, ఒక ఇనుప మేకు పెడుతుంది, ఉరిమితే గుడ్లు మురిగిపోకుండా. మేకు సంగతి నాకు తెలియదు గానీ బూడిద మాత్రం పనిచేస్తుంది. ఎందుకో కింద చెబుతాను.

హ్యాచరీ నుంచి ఒక్కరోజు పిల్లల్ని తెచ్చుకుంటే ఒక్కో పిల్లనూ చేతిలోకి తీసుకుని తిప్పి చూడండి. బొడ్డు మానిందా, వెనక రెట్ట అంటుకుని ఉందా, కాళ్లు నిగనిగలాడుతున్నాయా, కిందికి దించితే పరుగెత్తుతుందా. మారెక్స్ అనే కోళ్ల రోగానికి టీకా వేసే ఇచ్చారా అని అడగండి, అది పుట్టిన రోజే అక్కడే వెయ్యాల్సింది, తర్వాత ఇంటికి తెచ్చి మీరు వేసినా పెద్దగా లాభం లేదు. ఇంటికి రాగానే ముందు నీళ్లు, తర్వాతే దాణా. మొదటి వారం 35 డిగ్రీల వేడి కావాలి, ఆపైన వారం వారం కొంచెం తగ్గించుకుంటూ రావచ్చు. థర్మామీటరు లేకున్నా ఫరవాలేదు, బల్బు కింద ఒకదాని మీదొకటి ఎక్కి గుంపుకడితే చలి, గోడలకు పోయి నోరు తెరుచుకుని ఉంటే వేడి, చక్కగా చెదిరి తిరుగుతుంటే సరిపోయినట్టు. కరెంటు పోతే ఏం చేస్తారో పిల్లల్ని తేకముందే ఆలోచించుకోండి, తెల్లారిన తర్వాత కాదు.

ఇప్పుడు అసలు విషయం, టీకాలు. తేదీలు పశువుల దవాఖానలో చెబుతారు, అయినా రాస్తున్నాను. ఐదు నుంచి ఏడు రోజుల మధ్య కంట్లో ఒక చుక్క లాసోటా అనే కొక్కెర టీకా, పద్నాలుగో రోజు ప్రాంతంలో గంబోరో రోగానికి టీకా, నాలుగు వారాలకు మళ్లీ లాసోటా, ఆరో వారం కోళ్ల మశూచికి, ఎనిమిదో వారం రెక్క కింద చర్మంలోకి ఆర్‌టూబీ అనే ఇంకో కొక్కెర టీకా ఇంజెక్షన్. తర్వాత ఆరునెలలకోసారి కొక్కెర టీకా మళ్లీ వేయించాలి. ఇందులో కష్టమేమీ లేదు, కానీ ఊళ్లో జరగదు. ఎందుకు జరగదో ఎవరూ చెప్పరు. టీకా సీసా వందకో రెండొందలకో డోసుల లెక్కన వస్తుంది, కలిపిన తర్వాత రెండు గంటల్లో వాడెయ్యాలి, వాడేదాకా చల్లగా ఉండాలి. పది కోళ్లున్న ఆడమనిషి వంద డోసుల సీసా కోసం మండలానికి పోయి, ఐసు పెట్టించుకుని, ఆటోలో ఎండలో తెచ్చి, తొంభై డోసులు పారబోస్తుందా? పొయ్యదు. ఆమెకు బుద్ధి లేక కాదు, లెక్క తేలక. "రైతులకు అవగాహన లేదు" అని మీటింగుల్లో చెప్పేవాళ్లు ఒక్కసారి ఆ సీసా చేతిలో పట్టుకుని పల్లెబస్సు ఎక్కి చూస్తే తెలుస్తుంది.

దీనికి నాకు తెలిసిన దారి ఒక్కటే, వాడంతా కలిసి ఒకే రోజు వెయ్యడం. పొద్దుగూకి కోళ్లను గంపల కింద కమ్మిన తర్వాత ఇల్లిల్లూ తిరిగితే పట్టుకోవడం సులువు, పగలైతే ఒక్కో కోడి వెనక ముగ్గురు పరుగెత్తాలి. ఖర్చు పంచుకుంటే ఒక్కో ఇంటికి చాయ్ పైసలంత కూడా పడదు. ఇంకో లాభముంది. నా కోళ్లకు వేసి పక్కింటి కోళ్లకు వెయ్యకపోతే రోగం నా గోడ అవతలే కాచుకుని ఉంటుంది, కోళ్లకు మన హద్దురాళ్లు తెలియవు కదా.

నీళ్లలో కలిపి తాపే టీకా అయితే ఒక జాగ్రత్త. నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. టీకాలో ఉండేది బతికున్న వైరసు, క్లోరిన్ తగిలితే అది అక్కడే చచ్చిపోతుంది. మిషన్ భగీరథ నల్లా కింద గిన్నె పట్టి దాంట్లో టీకా కలిపి "వేసినా రోగమొచ్చింది, టీకాలన్నీ బోగస్" అనేవాళ్లను చూశాను. బావి నీళ్లో, శుభ్రమైన బోరు నీళ్లో పట్టి, కొంచెం వెన్న తీసిన పాలపొడి కలిపి, అందులో టీకా కలపాలి. తాపేముందు గంటా రెండు గంటలు నీళ్లు ఆపి దూప పట్టించాలి, లేకపోతే సగం తాగి సగం వదిలేస్తాయి.

పురుగుల దగ్గరికొస్తే జనం ఖర్చంతా పొరపాటు చోట పెడుతున్నారని నా ఫిర్యాదు. కోడి గోక్కుంటుంటే కోడికి మందు కొడతారు. పేన్లయితే సరే, పేను కోడి ఒంటి మీదే పుట్టి అక్కడే చస్తుంది. పెట్టను వెల్లకిలా పట్టుకుని వెనక భాగంలో ఈకలు విప్పి చూడండి, ఈక మొదట్లో తెల్లగా ముద్దకట్టినట్టు ఈపి కనిపిస్తుంది, పసుపు పచ్చటి పేన్లు వెలుతురు పడగానే పరుగెత్తుతాయి. పొదుగుకు కూర్చున్న పెట్టకు ఇవి విపరీతంగా పెరుగుతాయి, ఎందుకంటే అది మూడు వారాలు గూడు దిగి మట్టిలో పొర్లదు, పొర్లినా ఎక్కువసేపు కాదు. అక్కడి నుంచి అప్పుడే లేచిన పిల్లల తలల మీదికి ఎక్కుతాయి. అత్తమ్మ గంపలో పోసే బూడిద ఇక్కడ పనికొస్తుంది. మిగతా కోళ్లకు వాన తగలని మూల పొడిమట్టి, బూడిద కలిపి గుంత చేసి పెడితే అవే పొర్లి దులుపుకుంటాయి. మందు కొట్టాల్సి వస్తే వారం పది రోజులకు మళ్లీ కొట్టాలి, ఈపిని మందు చంపదు, అది పగిలి మళ్లీ పేన్లవుతాయి.

గోమార్లు అట్లా కాదు. అవి పగలంతా కోడి మీద ఉండవు. గోడ సందుల్లో, దూలాల పగుళ్లలో, గూటి తలుపు వెనక దాక్కుని రాత్రి బయటికొచ్చి రక్తం తాగి తెల్లారేలోపు మళ్లీ సందులోకి పోతాయి. పగలు కోడిని ఎంత వెతికినా ఏమీ దొరకదు, దొరకలేదు కాబట్టి ఏమీ లేదనుకుంటారు. అటు కోడి జుట్టు తెల్లబడుతుంది, గుడ్లు ఆగిపోతాయి, ఒకరోజు గంపలోనే పడి ఉంటుంది. తిండి లేకున్నా నెలల తరబడి ఆ సందులోనే బతకగలవు, కాబట్టి కోళ్లన్నీ పోయిన తర్వాత అదే గూట్లో కొత్తవాటిని పెట్టినా లాభం లేదు. మా పాలమూరు, నల్లగొండ వైపు రాయి పేర్చి కట్టిన పాత గోడలంటే గోమార్లకు లాడ్జి రూములే. రాత్రి తొమ్మిది దాటాక టార్చి వేసుకుని గూట్లో కోడి కాళ్లు, కూర్చున్న కర్ర అడుగుభాగం చూడండి, సందులో ఒక పుల్ల పెట్టి గీకండి, పుల్లకు రక్తం మరక అంటితే ఉన్నట్టే.

దీనికి మందు కోడికి కాదు, గూటికి. సందులు మట్టితోనో సిమెంటుతోనో పూడ్చెయ్యాలి, చిక్కటి సున్నం పగుళ్లలోకి దిగేలా కొట్టాలి, ఇనుప గూడయితే మంటతో కాల్చాలి. వేపాకు పొగ పెడితే పోతాయనేవాళ్లతో నేను గొడవపడను, పొగ పెట్టండి, కానీ సున్నం కూడా కొట్టండి. కొత్తగా కట్టుకునేవాళ్లు కోళ్లు కూర్చునే కర్రను గోడకు తగలకుండా కాళ్ల మీద నిలబెడితే సగం పీడ వదులుతుంది.

ఒక్క మాట కోపంగానే రాస్తాను. పత్తి మందు కోళ్లకు కొట్టకండి. పత్తి పండించే మన ఊళ్లలో ప్రతి ఇంట్లో సగం మిగిలిన మోనోక్రోటోఫాస్ సీసా ఒకటి చూరులో ఉంటుంది, "నీళ్లల్ల రెండు చుక్కలేసి కొడితే పేన్లన్నీ రాలుతయి" అని ఎవరో ఒకరు చెబుతారు. అది పక్షులకు మామూలు విషం కాదు. పేన్లూ రాలతాయి, కోడీ రాలుతుంది, బతికిన కోడి ముక్కుతో ఈకలు దువ్వుకుంటుంది, దాని గుడ్డు మీ పిల్లలు తింటారు. కోళ్లకు వాడే మందు పశువుల దవాఖానలో అడిగి, వాళ్లు చెప్పిన మోతాదులోనే వాడండి. గుడ్లు ఎన్ని రోజులు తినొద్దో అది కూడా అడగండి.

కడుపులో పురుగుల విషయంలో నేను కొంచెం మెత్తగానే ఉంటాను, ఎందుకంటే బయట తిరిగే కోడికి నట్టలు రాకుండా ఆపడం ఎవరి వల్లా కాదు. ఏలికపాముల గుడ్లు రెట్టలో పడి మట్టిలో కలుస్తాయి, అదే మట్టిని కోడి గీరి తింటుంది. బద్దెపురుగులు చీమల్లో, పేడపురుగుల్లో, ఈగల్లో దాగి వస్తాయి, కోడికి వాటికంటే ఇష్టమైన తిండి ఇంకోటి లేదు. కాబట్టి రెండు మూడు నెలలకోసారి నట్టల మందు తాపుకుంటూ పోవడమే. ఇక్కడ కూడా ఒక తిరకాసు ఉంది. చవగ్గా దొరికే పైపరజిన్ ఏలికపాములకే పనిచేస్తుంది, బద్దెపురుగులను ముట్టుకోదు. తాజా రెట్టలో ఉడికిన బియ్యపుగింజల్లాంటి ముక్కలు కనిపిస్తే అవి బద్దెపురుగువి, ఆ సంగతి డాక్టరుకు చెప్పి వేరే మందు రాయించుకోండి. కోడి బాగానే తింటున్నా ఎదురొమ్ము ఎముక చేతికి కత్తి అంచులా తగులుతుంటే అనుమానించాల్సిందే. ఆర్‌టూబీ వెయ్యడానికి వారం ముందు నట్టల మందు తాపడం మంచిది, కడుపు నిండా పురుగులున్న కోడికి టీకా సరిగ్గా పట్టదు.

వానాకాలంలో చిన్నపిల్లల్ని చంపేది మాత్రం నట్టలు కాదు, రక్తపు పారుడు. మూడు నుంచి ఆరు వారాల పిల్లలు ఈకలు ఉబ్బించుకుని మూలన కునుకుతూ, రెట్టలో రక్తం పడుతుంటే కాక్సిడియోసిస్ అనుకోవాలి. ఆంప్రోలియం నీళ్లలో ఇస్తే తగ్గుతుంది, వెంటనే ఇస్తేనే. అసలు అది పుట్టేది తడిలో. వరిపొట్టు పొడిగా ఉంటే ఆ క్రిమి ముదరదు, నీళ్ల గిన్నె చుట్టూ తడిసి ముద్దయిన చోట ఒకటి రెండు రోజుల్లోనే తయారవుతుంది. గిన్నెను ఇటుక మీద పెట్టి, తడిసిన పొట్టు ఏ రోజుది ఆ రోజు ఎత్తి పారేస్తే సగం మందుల ఖర్చు ఉండదు. చూశారా, మళ్లీ గూడే.

లాభం ఎంత అని మరిది అడుగుతాడు. రెండు వందల కోళ్లతో లెక్క వేసి చూపిస్తాడు. పెరడు తనంతట తాను మేపేది పది పదిహేను కోళ్లను, ఆపైన ప్రతి కోడికీ దాణా కొనాల్సిందే, కొన్నామంటే అది ఫారం, దాని లెక్కలు వేరు, రోగాలూ వేరు. పది కోళ్లయితే ఇంట్లోకి గుడ్లు, బోనాలకు, సుట్టాలొస్తే ఒక పుంజు, అప్పుడప్పుడు అమ్మితే అత్తమ్మ చెంగున నాలుగు పైసలు. ఆ పైసలకు ఇంట్లో ఎవరూ లెక్క అడగరు, అదే అందులో సుఖం.

ఇక అంగడి నుంచి కొత్త కోడిని తెస్తే కనీసం రెండు మూడు వారాలు వేరే గంప కింద, వేరే నీళ్ల గిన్నెతో ఉంచండి. ఊళ్లో రోగం తాకిందని తెలియగానే మిగిలిన కోళ్లను అగ్గువకు అమ్ముకునేవాళ్లుంటారు, అవన్నీ అంగడికే వస్తాయి. చచ్చిన కోడిని చెత్తకుప్పలో వెయ్యకండి, కుక్క దాన్ని నోట పట్టుకుని ఊరంతా తిరుగుతుంది. లోతుగా తవ్వి సున్నం చల్లి పూడ్చండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ బయటపడినప్పుడు మా దగ్గర చికెన్ ముట్టనివాళ్లు కూడా, కొక్కెర తెగులుతో పోయిన కోళ్లను మాత్రం ఎప్పటిలాగే ఊరి కుంటలో విసిరారు.

ఇప్పుడు మా వాడలో టీకాకు అందరూ ఒప్పుకున్నారు, అత్తమ్మతో సహా. పంచాయితీ అంతా సీసా ఎవరి ఫ్రిజ్‌లో పెట్టాలనే దాని మీద. "పాలు, పెరుగు పెట్టుకునే కాడ కోడి మందేంది" అని ఫ్రిజ్ ఉన్న ప్రతి ఇంటివాళ్లూ పక్కింటి వైపు చూపిస్తున్నారు, మా అత్తమ్మే అందరికంటే గట్టిగా.